రస్సెల్ మార్కెట్లో మా ఊరి జీడిపప్పు

అక్క వాళ్ళింటికని బెంగళూరు వచ్చాను, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నడుం విరిగింది, మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఓపిక పోయింది, వాటి గురించి ఏమీ రాయను, అందరికీ తెలిసినవే. రాయాలనిపించింది శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ గురించి.

బావ ఈమధ్య హెల్త్ మీద పడ్డాడు. పొద్దున్నే నానబెట్టిన బాదం, వాల్‌నట్, అంజీర్. స్పెయిన్‌లో 7 వేల మందికి పైగా మీద చేసిన స్టడీ అంట, 2013లో వచ్చింది, కూరగాయలు, చేపలు ఎక్కువుండే భోజనంతో పాటు రోజూ 30 గ్రాముల నట్స్ తిన్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం లాంటివి అన్నీ కలిపి చూస్తే తగ్గాయని చెప్తాడు. అది నేనూ చదివాను, 2018లో లోపాలు సరిచేసి మళ్ళీ వేశారు, అప్పుడూ ఫలితం పెద్దగా మారలేదు. సరే, అక్క లిస్ట్ ఇస్తే బయల్దేరాను.

మార్కెట్లో ఖర్జూరాలే ఎన్ని రకాలో, మెజూల్, అజ్వా, ఇరాన్ కిమియా. అఫ్ఘాన్ అంజీర్ తాడుకి గుచ్చి దండల్లా వేలాడదీశారు. రేట్లు వింటే చెయ్యి జేబులోకి వెళ్ళదు. ఒక షాపులో జీడిపప్పు కిలో రేటు అడిగితే మా ఊరి కంటే చాలా ఎక్కువే చెప్పారు, నేను పైకే గొణిగాను తెలుగులో. లోపల డబ్బాలు సర్దుతున్న పెద్దాయన తల తిప్పి, "ఏ ఊరు నాయనా మీది?" అన్నాడు. పలాస అన్నాను. "అబ్బో, పప్పు పుట్టిన ఊరే కదా!" అని పది కిలోల టిన్ను ముందుకి లాగాడు. ఆయనది కుప్పం దగ్గర పల్లెటూరు.

టిన్నులో ఉన్నది 320 గ్రేడు. అంటే పౌనుకి, అంటే 453 గ్రాములకి, మూడొందల ఇరవై దాకా గుండ్లు, అంటే విరగని పప్పులు. 240 అయితే ఇంకా లావు, ఇంకా రేటు. ఒక్కో గుండు గ్రామున్నర కూడా ఉండదు, కాబట్టి బావ చెప్పే 30 గ్రాములంటే ఇరవై పైనే పప్పులు. ఆయన గుప్పెట్లోకి తీసి చూపిస్తుంటే నాకు అమ్మ చేతులు గుర్తొచ్చాయి. నా చిన్నప్పుడు అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడానికి వెళ్ళేది, పెంకులోంచి వచ్చే జీడి నూనె అంటుకుంటే చర్మం కాలి నల్లబడి పొరలు పొరలుగా ఊడేది, బూడిద రాసుకుని కొట్టేవాళ్ళు. ఆ తర్వాత ఆరబెట్టాలి, ఒక్కొక్క గుండు మీద పొట్టు విరక్కుండా గీకాలి, విరిగితే బద్ద, రేటు పడిపోతుంది. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గానీ పొట్టు తీసేది ఇంకా చాలాచోట్ల ఆడవాళ్ళే. 2018 తిత్లీ తుఫానుకి మా పలాస చుట్టుపక్కల ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి, ఇప్పుడు మా ఫ్యాక్టరీల్లో ఆఫ్రికా పిక్క కూడా కొడుతున్నారు. ఇదంతా చెప్తే ఆయన పని ఆపేసి విన్నాడు.

"రోజూ తింటే మంచిదే కదా నాయనా" అన్నాడు. మంచిదే, మెగ్నీషియం, మంచి కొవ్వు అన్నీ ఉన్నాయి. కానీ మా పెదనాన్నకి డాక్టరు వద్దన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అందరికీ తెలుసు, కారణం ఇంతవరకు తేలలేదు, ఆయనకి డయాలసిస్. కిడ్నీ పాడైనవాళ్ళకి పొటాషియం, ఫాస్ఫరస్ సరిగా బయటికి పోవు కాబట్టి నట్స్, ఖర్జూరం, ఎండుద్రాక్ష తగ్గించాలి. ఆయన జీవితమంతా జీడితోటలోనే గడిచింది, ఇప్పుడు నోట్లో ఒక పప్పు వేసుకోవడానికి కూడా భయం. వాట్సాప్‌లో "డ్రైఫ్రూట్స్ అందరికీ అమృతం" అని ఫార్వర్డ్ చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, కిడ్నీ ఎలా ఉందో తెలుసుకోకుండా ఎవరికీ అలా చెప్పకూడదు.

పెద్దాయన ఓనర్‌తో మాట్లాడి ఖర్జూరం మీద కాస్త తగ్గించాడు, అంజీర్ పావుకిలో తీసుకున్నాను, జీడిపప్పు మాత్రం కొనలేదు. ఇంటికొచ్చాక అక్కకి చెప్పాను, పప్పు కావాలంటే నాకే ఫోన్ చెయ్యి, పలాస నుంచి పంపిస్తాను, పాయసానికీ ఉప్మాకీ బద్దలు చాలు, గుండుకి అంత రేటు పెట్టక్కర్లేదు. బావ మాత్రం 240యే కావాలన్నాడు.