మా బతుకులు తేలేది జూన్‌లో

ఖమ్మం నుంచి నాన్న ఫోన్ చేస్తే మొదట ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు, ఆ వెంటనే "ఇంతకీ మనవాళ్లకి ఏ పార్టీ మంచిదిరా?" అంటాడు. ఇక్కడ రిచ్‌మండ్ తెలుగువాళ్లలో నలుగురు చేరినా ఇదే వాదన. ఒకాయన ట్రంప్ అంటాడు, ఇంకొకాయన డెమోక్రాట్లే నయమంటాడు, ఎవరూ తగ్గరు. నేను ఈ దేశం వచ్చింది 2010లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి నేను గట్టిగా నమ్మేది ఒకటే. మా వీసాల సంగతి, గ్రీన్‌కార్డుల సంగతి రెండు పార్టీల మధ్య పోరులో తేలలేదు. ఒక్కో పార్టీ లోపల జరిగిన కొట్లాటలోనే తేలింది. అందులో పెద్దది మా ఇంటికి కూతవేటు దూరంలో జరిగింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మేముండేది వర్జీనియాలో, హెన్రైకో కౌంటీ పడమటి వైపు. 2014లో ఇది ఏడో కాంగ్రెస్ నియోజకవర్గం. ఇక్కడి సభ్యుడు ఎరిక్ కాంటర్ ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల మెజారిటీ లీడర్. స్పీకర్ జాన్ బేనర్ తర్వాత ఆయనే. రేపో మాపో స్పీకర్ అవుతాడని అందరూ అనుకునేవాళ్లు.

అంతకు ముందు ఏడాది, 2013 జూన్ 27న, వలస చట్టాన్ని సంస్కరించే 744వ నంబరు బిల్లు సెనేట్‌లో 68-32తో గట్టెక్కింది. డెమోక్రాట్లందరితో పాటు 14 మంది రిపబ్లికన్లు ఓటేశారు. అందులో మా పాలిటి మాట ఒకటుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. ఏ దేశానికైనా అందులో ఏడు శాతం మించకూడదని 1990 చట్టం. అంటే 9,800. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. చిన్న దేశమైనా, భారతదేశమైనా అదే కోటా. మా క్యూ దశాబ్దాల పొడవున సాగడానికి కారణం ఇదే. ఆ బిల్లు ఈ పరిమితిని ఎత్తేసేది. ఆఫీసులో మా తెలుగువాళ్లం లంచ్ టేబుల్ దగ్గర ఇల్లు కొనడం గురించి, పిల్లల కాలేజీల గురించి మొదటిసారి ధైర్యంగా మాట్లాడుకున్న రోజులవి.

బిల్లు ప్రతినిధుల సభకు రావాలి. వస్తే డెమోక్రాట్లు, కొందరు రిపబ్లికన్లు కలిసి నెగ్గించే వీలుంది. అయినా తన పార్టీలో ఎక్కువమంది వద్దంటున్నారని స్పీకర్ దాన్ని సభలో పెట్టలేదు. కాంటర్ కూడా ఆ బిల్లును సమర్థించలేదు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చేసిన పిల్లలకు చట్టబద్ధ హోదా ఇవ్వాలని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. ఆష్‌లండ్‌లోని రాండాల్ఫ్-మేకన్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే డేవ్ బ్రాట్ అనే ప్రొఫెసర్ రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, ఆయన మీద నిలబడి, కాంటర్ అక్రమంగా వచ్చినవాళ్లకు క్షమాభిక్ష పెడుతున్నాడంటూ ఊరూరా తిరిగాడు. రేడియోలో పేరున్న లారా ఇంగ్రహామ్ వచ్చి బ్రాట్ తరఫున సభ పెట్టింది. కాంటర్ ఖర్చు యాభై లక్షల డాలర్ల పైమాటే. బ్రాట్‌ది అందులో ఏ మూలకీ రాదు.

2014 జూన్ 10న ఓట్లు లెక్కపెడితే బ్రాట్‌కు 55 శాతం పైగా వచ్చాయి. 1899లో మెజారిటీ లీడర్ పదవి పుట్టినప్పటి నుంచి ఆ పదవిలో ఉండి ప్రైమరీలో ఓడినవాళ్లు అప్పటిదాకా లేరు. మరునాడు ఆఫీసులో నా పక్క సీటు ఆయన, హెన్రైకోలోనే పుట్టి పెరిగినవాడు, తాను బ్రాట్‌కే ఓటేశానని దాచుకోకుండా చెప్పాడు. "నీలాంటివాళ్ల మీద నాకేం కోపం లేదు. కాంటర్ ఇక్కడి గడపలు తొక్కి ఎంత కాలమైంది? ఆయనకి వాషింగ్టనే ఊరైపోయింది" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ ఆ కోపం వచ్చి పడింది మా మీద. సొంత నాయకుడికే ఆ గతి పట్టాక వలస పేరెత్తడానికి రిపబ్లికన్లలో ఎవరికీ నోరు రాలేదు. ఈ ఏడాది ఓటింగ్ ఉండదని బేనర్ చెప్పేసినట్టు జూన్ 30న అధ్యక్షుడు ఒబామానే ప్రకటించాడు. ఏడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న నియోజకవర్గంలో బ్రాట్‌కు వేసింది ముప్పై ఆరు వేల పైచిలుకు మంది. వాళ్ల తీర్పు దేశంలోని మా అందరి మీదా పడింది.

మన రాజకీయాలు చూసి పెరిగినవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు. మన దగ్గర టికెట్ అధిష్ఠానం ఇస్తుంది. బీ-ఫాం చేతికి రాకపోతే పదేళ్లు జెండా మోసినవాడైనా ఇండిపెండెంటే. గెలిచాక విప్ దాటితే 1985 నాటి ఫిరాయింపుల చట్టం ఉంది, పదవి ఊడుతుంది. ఇక్కడ టికెట్ ఇచ్చేది ప్రైమరీకి వచ్చే ఆ కొద్దిమంది ఓటర్లు. 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి రిపబ్లికన్ల తరఫున జాన్ రీడ్ నిలబడితే, తప్పుకోమని సొంత పార్టీ గవర్నర్ యంగ్‌కిన్ అడిగాడు. రీడ్ కుదరదన్నాడు. గవర్నర్ ఇక చేయగలిగిందేమీ లేకపోయింది. 2023 అక్టోబరు 3న ఎనిమిది మంది రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిసి సొంత స్పీకర్ కెవిన్ మెకార్తీని 216-210తో దించేశారు. ఆయన్ని జనవరిలో ఎన్నుకోవడానికే పదిహేను సార్లు ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. మన లోక్‌సభలోనైతే విప్ ధిక్కరించిన ఆ ఎనిమిది మంది సభ్యత్వాలు ప్రమాదంలో పడేవి.

బ్రాట్‌ను 2018లో ఓడించింది అబిగైల్ స్పాన్‌బర్గర్, డెమోక్రాట్, ఒకప్పటి సీఐఏ ఉద్యోగి. 2020లో కూడా రెండు శాతం లోపు తేడాతో బయటపడింది. ఆ వెంటనే డెమోక్రాట్ సభ్యులు ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా బయటికి పొక్కింది. పోలీసులకు నిధులు ఆపేయాలన్న నినాదం, సోషలిజం అన్న మాట ఇంకెప్పుడూ నోట రానివ్వొద్దని ఆమె గట్టిగా అడిగింది. న్యూయార్క్‌లో నల్లేరు మీద నడకలా గెలిచే సొంత పార్టీ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కార్టెజ్ వర్గం దానికి బహిరంగంగానే బదులిచ్చింది. అక్కడ ఓట్లు తెచ్చే మాట ఇక్కడ సీటు పోగొడుతుంది. మా వీధిలోని జనాన్ని చూసినవాడిగా నేను స్పాన్‌బర్గర్ పక్షమే. ఇక్కడ ఓటరును అరిచి ఒప్పించలేం.

మాకు అన్నిటికంటే ఎక్కువ గుండెకోత మిగిల్చింది ఆ ఏడు శాతం బిల్లు కథ. 744 పోయాక, ఒక్క ఆ పరిమితిని మాత్రం తీసేసే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. ఈ కాలంలో రెండు పార్టీలు అంతగా కలిసి ఓటేసిన సందర్భాలు తక్కువ. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్నది యూటా రిపబ్లికన్ మైక్ లీ. తోడు నిలిచింది కమలా హారిస్. అడ్డుపడ్డవాళ్లూ రెండు వైపులా ఉన్నారు. ముందు రిపబ్లికన్ రాండ్ పాల్, ఆ తర్వాత డెమోక్రాట్ డిక్ డర్బిన్, ఇంకొన్నాళ్లకు రిపబ్లికన్ రిక్ స్కాట్. డర్బిన్ అంటే వలస పిల్లల కోసం 2001 నుంచి పోరాడుతున్న మనిషి. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా పరిమితి ఒక్కటే తీసేస్తే మిగతా దేశాలవాళ్లు ఇరుక్కుపోతారన్నది ఆయన వాదన. అది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ సంఖ్య పెంచడానికి రిపబ్లికన్లు ఒప్పుకోరు, పెంచకుండా ఆయన ఒప్పుకోడు, మధ్యలో నలిగింది మేము. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు సభలు ఆమోదించిన బిల్లులు అక్షరాలా ఒకటి కావు. వాటిని కలిపే లోపే జనవరి 3న కాంగ్రెస్ గడువు ముగిసి రెండూ చెల్లకుండా పోయాయి. 2022 డిసెంబరులో ఇలాంటిదే మరో బిల్లుకు వైట్‌హౌస్ మద్దతు కూడా ఉంది. డెమోక్రాట్ల చేతిలోనే ఉన్న సభలో ఓట్లు చాలవని ఓటింగ్‌కు పెట్టకుండానే వెనక్కి తీసుకున్నారు.

ఇక ట్రంప్ శిబిరం. 2024 డిసెంబరులో శ్రీరామ్ కృష్ణన్‌ను కృత్రిమ మేధ సలహాదారుగా ప్రకటించగానే ట్రంప్ అభిమాని లారా లూమర్ ఆ నియామకం మీద విరుచుకుపడింది, ట్రంప్ పాత సలహాదారు స్టీవ్ బానన్ అందుకున్నాడు. నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే హెచ్-1బీ వీసా ఉండాల్సిందేనని మస్క్, వివేక్ రామస్వామి ఎదురు నిలిచారు. హెచ్-1బీ తనకిష్టమేనని ట్రంప్ అన్నాడు. మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2025 సెప్టెంబరు 19 శుక్రవారం, హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుము అని అదే ట్రంప్ సంతకం చేశాడు. ఆదివారం తెల్లవారకముందే అమలు.

మా టీమ్‌లో ఒకతను అప్పుడు గుంటూరు దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్నాడు. ఆ ఆదివారం మహాలయ అమావాస్య. తండ్రి పోయాక మొదటిసారి పితృకార్యం చేయడానికి వెళ్లాడు. ఉన్నపళంగా తిరిగి రావాలని కంపెనీ లాయర్ల నుంచి మెయిల్. వంటవాళ్లకు, పురోహితుడికి అన్నీ చెప్పుకున్న ఇల్లు. తల్లి ఏమీ అనకుండా బ్యాగ్ సర్ది ఇచ్చిందట. టాక్సీలో శంషాబాద్ వెళ్లి విమానం ఎక్కాడు. దుబాయ్‌లో రెండో విమానం కోసం కూర్చుని ఉండగా, ఇది కొత్త దరఖాస్తులకే తప్ప ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఒక పార్టీలో రెండు వర్గాల్ని ఒకేసారి తృప్తిపరచాలని హడావుడిగా రాసిన కాగితం అది. దానివల్ల ఒక కొడుకు తండ్రికి పిండం పెట్టలేకపోయాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ అతని గొంతు పూడుకుపోతుంది.

నవంబరులో ట్రంప్ టీవీ ఇంటర్వ్యూలో, కొన్ని నైపుణ్యాలు మన దగ్గర లేవు, బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే అన్నాడు. ఎదురుగా కూర్చుని నిలదీసింది ఎవరనుకున్నారు? పదకొండేళ్ల కిందట మా హెన్రైకోలో బ్రాట్ కోసం సభ పెట్టిన లారా ఇంగ్రహామే. ఆ వారంలోనే రిపబ్లికన్ ప్రతినిధి మార్జరీ టేలర్ గ్రీన్ హెచ్-1బీని ఎత్తేసే బిల్లు తెస్తానంది. లైంగిక నేరస్థుడు ఎప్‌స్టీన్ ఫైళ్ల గొడవతో కలిపి ట్రంప్‌తో ఆమెకు పూర్తిగా చెడింది. 2026 జనవరి 5తో పదవి వదిలేసింది.

అదే నవంబరులో డెమోక్రాట్ల ఇల్లూ చీలింది. ప్రభుత్వం అక్టోబరు 1 నుంచి 43 రోజులు మూతపడింది. ఒబామాకేర్ ఆరోగ్య బీమా సబ్సిడీలు పొడిగించాల్సిందేనని డెమోక్రాట్లు పట్టుబట్టారు. చివరికి వాళ్ల శిబిరం నుంచి ఎనిమిది మంది సెనేటర్లు పట్టు వదిలేశారు. వర్జీనియా సెనేటర్లు ఇద్దరూ డెమోక్రాట్లే. టిమ్ కెయిన్ సరేనన్నాడు, మార్క్ వార్నర్ వద్దన్నాడు. మా వీధిలో ఒకావిడ భర్త ఫెడరల్ ఉద్యోగి. తొలగించినవాళ్లను వెనక్కి తీసుకోవాలన్న షరతు కెయిన్ సాధించాడని ఆవిడ కళ్లు తుడుచుకుంది. రెండిళ్ల అవతల సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ఒకావిడ అదే కెయిన్‌ను ద్రోహి అంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే పార్టీకి ఓటేస్తున్నవాళ్లు. ఎవరి కష్టం వాళ్లకు నిజం. మూతపడిన రోజుల్లో కార్మిక శాఖ, హెచ్-1బీకి ముందుగా కంపెనీలు పెట్టాల్సిన ఎల్‌సీఏ దరఖాస్తులు తీసుకోవడం దాదాపు నెల రోజులు ఆపేసింది. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి ఉండేదే అరవై రోజుల గడువు. నా పాత రూమ్మేట్ చేతిలో కొత్త ఆఫర్ పెట్టుకుని, ఆ గడువులో సగం రోజులు వెబ్‌సైట్ ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ గడిపాడు.

మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, షార్ట్ పంప్‌లో ఉంటాడు, సిటిజన్. ప్రతి నవంబరూ తప్పకుండా ఓటేస్తాడు. జూన్ ప్రైమరీ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. వర్జీనియాలో ఏ పార్టీలోనూ పేరు నమోదు చేయించుకోనక్కర్లేదు, వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగితే ఇస్తారు. "బావా, నాకు లేని ఓటు నీ దగ్గరుంది, జూన్‌లో కూడా వెయ్యి" అని బతిమాలితే 2025లో వెళ్లాడు. డెమోక్రాట్ల లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీలో ఆరుగురు పోటీపడ్డారు. ముప్పై శాతం ఓట్లు కూడా రాకుండానే గజాలా హష్మీ గెలిచింది. వెనకున్నవాళ్లతో తేడా చాలా తక్కువ. హైదరాబాద్‌లో పుట్టి నాలుగేళ్లప్పుడు ఇక్కడికొచ్చిన ఆమె, నవంబరులో స్పాన్‌బర్గర్ గవర్నర్‌గా గెలిచినప్పుడు తానూ గెలిచింది. రాష్ట్ర పదవులు మా గ్రీన్‌కార్డులు తేల్చవు. కానీ జూన్ ఓటు బరువెంతో బావకు ఆ రాత్రి తెలిసింది.

నా గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నా చోటు తేల్చే తేదీ, 2015. నాలుగేళ్లప్పుడు నా చెయ్యి పట్టుకుని విమానం దిగిన మా అబ్బాయికి వచ్చే ఏడాది ఇరవై ఒకటి నిండుతాయి. అప్పటితో నా వీసా మీద వాడికొచ్చిన హెచ్-4 అయిపోతుంది, పెరిగిన దేశంలో విదేశీ విద్యార్థిగా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. బావ ఈ మధ్య కూర్చుని ఒక ఉత్తరం రాశాడు. తల్లిదండ్రులతో చట్టబద్ధంగా వచ్చి ఇరవై ఒకటి నిండుతున్న పిల్లల సంగతి మీరేమంటారు, ఏడు శాతం పరిమితి మీద ఓటింగ్ వస్తే ఎటు వేస్తారు, రెండే ప్రశ్నలు. మా నియోజకవర్గం నుంచి కాంగ్రెస్‌కు ప్రైమరీలో నిలబడే ప్రతి ఒక్కరికీ, ఏ పార్టీ అని చూడకుండా, అదే ఉత్తరం పంపిస్తున్నాడు.