ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

మా పుట్టిల్లు కనుపర్తి, ఉప్పు కొఠార్ల ఊరు. అమ్మ ఏనాడూ ఉప్పు కొలిచి వెయ్యలేదు. జాడీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసేది. పెళ్ళయి ఒంగోలు వచ్చినా నాదీ అదే చెయ్యి.

కిందటేడు తలనొప్పని వెళ్తే బీపీ 152/96 ఉంది. మాత్ర రాసే ముందు వారం పాటు ఇంట్లో చూసి రాసుకు రమ్మన్నారు డాక్టరమ్మ. మిషను కొన్నాం. మొదటి రెండు రోజులు టీ తాగిన వెంటనే, జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి, అత్తయ్యతో మాట్లాడుతూ చూసుకున్నాను. పైఅంకె ఒకసారి 160, ఇంకోసారి 138. భయమేసింది. తర్వాత నర్సమ్మ దగ్గర కూర్చోబెట్టి నేర్పింది: అరగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ ఒంటి మీదే, చెయ్యి గుండె ఎత్తున. మాట్లాడకూడదు. అలా చూస్తే సగటు 144/91 వచ్చింది. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటితే ఎక్కువే. మూడు నెలలు గడువిచ్చి, ఉప్పు తగ్గించి రోజూ అరగంట నడవమన్నారు.

పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మేం నలుగురం, అంటే నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వేశాను. సరిగ్గా 20 రోజులకు అయిపోయింది. మనిషికి పన్నెండున్నర గ్రాములు! ఆవకాయ, ఎండుచేపలు, బజారు మిక్చరు ఆ లెక్కలో లేనే లేవు.

ఎసట్లో ఉప్పు మానేశాను. పెరుగన్నంలో కూడా. వేళ్ళతో తియ్యకుండా జాడీలో చిన్న చెంచా పెట్టాను. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ చెంచానే. "ఇదేందమ్మాయ్, సప్పిడి కూడు" అని అత్తయ్య రెండు వారాలు అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆమెను నొప్పించడం నాకూ కష్టమే అయింది. పప్పులో నిమ్మకాయ పిండి, వేపుళ్ళలో వెల్లుల్లి కారం, జీలకర్ర పొడి వేసి నెట్టుకొచ్చాను. మూడో వారానికి ఆ మాట ఆగింది. ఎండుచేపలు వారానికి రెండుసార్ల నుంచి నెలకు ఒకసారికి వచ్చాయి.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కొందామనుకున్నాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళకూ, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకూ అది ప్రమాదం అన్నారు డాక్టరమ్మ. అత్తయ్యకు కిడ్నీ ఇబ్బంది ఉంది. అందరికీ ఒకే కుండలో వండుతాం కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాం.

మూడు నెలలకు ఇంట్లో సగటు 129/83 వచ్చింది. మాత్ర ఇప్పుడే వద్దన్నారు, వారానికోసారి చూసుకుంటున్నాను. కిందటి ప్యాకెట్ 36 రోజులు వచ్చింది, మనిషికి దాదాపు 7 గ్రాములు. ఇంకా 5కి రాలేదు. కొత్త ప్యాకెట్ మీద ఇవాళ పొద్దున తేదీ వేశాను.