పూటపడటం అంటే ఏంటో నాకు ఆలస్యంగా తెలిసింది

బైబిల్లో సామెతల గ్రంథంలో ముప్పై ఒక్క అధ్యాయాలు కదా, ఏ తేదీ అయితే ఆ అధ్యాయం చదువుకోవడం మా చర్చి సంఘంలో చాలామందికి అలవాటు. నాకు ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది. అంటే ఆరో అధ్యాయం ఏడాదికి పన్నెండుసార్లు, ఇరవై ఏళ్లకు పైగా చదివాను. అయినా ఆరో అధ్యాయం అనగానే నాకు గుర్తొచ్చేది చీమే. "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని సండే స్కూల్లో నేర్చుకున్న వచనం, తర్వాత నేనే పిల్లలకు నేర్పిన వచనం. ఆ చీమకంటే ముందు ఐదు వచనాలు ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటిని చదివాను గానీ ఒక్కసారి కూడా అక్కడ ఆగలేదు.

"నా కుమారుడా, నీ చెలికానికొరకు పూటపడినయెడల" అని మొదలవుతాయి అవి. పూట అంటే మనకు తెలిసింది పొద్దుటి పూట, రాత్రి పూట, పూట గడవడం. పూటపడటం అనే మాట కల్వకుర్తి వైపు మా ఊళ్లల్లో ఇప్పుడు ఎవరూ అనరు. పెద్దవాళ్లు జమానత్ అంటారు, మా వయసువాళ్లం షూరిటీ అంటాం, అంటే వేరేవాడు కట్టకపోతే నేను కడతానని హామీ నిలబడటం. ఆ వచనంలో షూరిటీ అని ఉంటే ఎప్పుడో ఒకసారి ఉలిక్కిపడి ఉండేవాడినేమో. పాత మాట కావడంతో ఏదో పాతకాలం సంగతిలే అన్నట్టు కళ్లు దాటేశాయి. ఆరాధనలో కూడా ఆ ఐదు వచనాల మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు, మన సంఘాల్లో షూరిటీ సంతకం పెట్టని ఉద్యోగస్తుడు ఒక్కడు కూడా ఉండడని తెలిసి కూడా.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌ని. ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవాడి శాలరీ సర్టిఫికెట్‌కి మా దగ్గర ఎంత గిరాకీ ఉంటుందో ఉద్యోగం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. 2018లో మా సంఘంలోనే ఒక అన్న, నాకంటే పదేళ్లు పెద్ద, ఐదు లక్షల చిట్టీ ఎత్తాడు. నెలకు పది వేలు, యాభై నెలల చిట్టీ. డబ్బు చేతికి రావాలంటే ముగ్గురు షూరిటీ ఉండాలి. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నా చెయ్యి పట్టుకుని "సంతకమే కద తమ్మీ, కట్టేది నేను, నీకు రూపాయి బాధ రానియ్య" అన్నాడు. ఆయన భార్య పక్కనే నిలబడి ఉంది. బోరు వేయించి బత్తాయి పెడతాం, పిల్ల పెళ్లి చేస్తాం అని చెబుతోంది. నేను సరే అన్నాను. మంగళవారం మహబూబ్‌నగర్ వెళ్లి ఏడు చోట్ల సంతకం పెట్టాను. ఆ కాగితాల్లో ఏముందో చదవలేదు. ఇంట్లో నా భార్యకు చెప్పలేదు.

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకుంటున్నాను. ఆ సంతకం ప్రేమతో పెట్టాననే చాలా రోజులు అనుకున్నాను, సహోదర ప్రేమ అని పేరు కూడా పెట్టుకున్నాను. అది మొహమాటం. కాదంటే ఆయన ముఖం ఎలా అవుతుందో, వచ్చే ఆదివారం ఎదురుపడితే ఎలా, సంఘంలో పది మంది నా గురించి ఏమనుకుంటారో, ఇదే నా లోపల నడిచింది. బైబిల్లో మొహమాటం అనే మాట నాకు ఎక్కడా కనపడలేదు గానీ సామెతలు 29:25 చూడండి, "భయపడుటవలన మనుష్యులకు ఉరి వచ్చును". మనుషులకు భయపడటం గురించి ఆ మాట. ఆ వచనాన్ని నేను శత్రువుల గురించి, ధైర్యంగా సాక్ష్యం చెప్పడం గురించి అనుకుని చదివాను. ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని అడిగే మనిషికి భయపడటం కూడా అందులో ఉందని తట్టలేదు.

రెండు బోర్లు వేశారు. రెండూ ఫెయిల్. తొమ్మిది నెలలు కట్టి ఆపేశాడు.

నోటీసు మా ఇంటికి రాలేదు, మా హెడ్‌మాస్టర్ గారి టేబుల్ మీదికి వచ్చింది. జీతాలు చేసేది ఆయనే కాబట్టి. ఆయన మంచి మనిషి, స్టాఫ్ రూమ్‌లో అనకుండా నన్ను వరండాలోకి పిలిచి కవరు చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయారు. ఆ వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను చూసి చూడనట్టు పోతున్నారు. తెలిసిన వకీలు దగ్గరికి పరుగెత్తాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ ఉందట, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో షూరిటీదీ అంతే. ముందు ఆయన్ని అడిగి, ఆయన దగ్గర లేకపోతేనే నన్ను అడగాలి అనే రూల్ ఏమీ లేదన్నాడు. ఎవరి జీతం దొరికితే వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. ముగ్గురిలో ఒకాయన అప్పటికే రిటైర్ అయ్యాడు. మిగిలిన ఇద్దరం పంచుకున్నాం. నా వంతు లక్షా అరవై వేలు, నెలకు ఎనిమిది వేల చొప్పున ఇరవై నెలలు.

ఇంట్లో ఎప్పుడు తెలిసిందంటే, మొదటి నెల ఎనిమిది వేలు తక్కువ ఇచ్చినప్పుడు. నా భార్య అరవలేదు. "నాకొక మాట చెప్తే నేను వద్దంటననే కదా చెప్పలేదు" అంది. అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు. "ఆలోచన చెప్పువారు లేనిచోట ఉద్దేశములు వ్యర్థమగును" అని 15:22లో ఉంది. ఆలోచన చెప్పే మనిషి పక్క గదిలోనే ఉంది. ఆమె ఏం చెబుతుందో తెలుసు కాబట్టే అడగలేదు.

అప్పుడు మా నాయిన గుర్తొచ్చాడు. నాయిన పాలమూరు కూలీ. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలి, ప్రాజెక్టు పనులకు ఎక్కడెక్కడికో పోయిన తరం. అడ్వాన్స్ తీసుకున్నవాడు మధ్యలో పారిపోతే వాడికి జమానత్ ఉన్నవాడు వాడి పని కూడా చేసి తీర్చాలి. మా పెద్దనాయన అలా ఒక ఏడు మొత్తం వేరేవాడి బాకీకి మట్టి మోశాడు. "అప్పుచేయువాడు అప్పిచ్చిన వానికి దాసుడు" అనే 22:7 మా ఇంట్లో ఎవరూ ప్రసంగంలో నేర్చుకోలేదు, నెత్తిమీద తట్టతో నేర్చుకున్నారు. నాయినకు సంతకం రాదు. ఎవరైనా వచ్చి అడిగితే జొన్నలు ఇచ్చేవాడు, ఉంటే పదో పరకో ఇచ్చేవాడు. "ఇచ్చేది ఇయ్యి బిడ్డా, మల్ల రాలేదని ఏడ్వకు. ఏలిముద్ర మాత్రం పెట్టకు" అనేవాడు. నాకు చదువు రావడంతో నాయిన మాట కూలీలకు సంబంధించిన మాట అయిపోయింది.

ఆ ఇరవై నెలల్లో సామెతలు మళ్లీ చదివాను, ఈసారి తేదీ ప్రకారం కాకుండా ఈ ఒక్క సంగతి వెతుక్కుంటూ. 6లో ఉంది, 11లో ఉంది, 17లో, 20లో, 22లో, 27లో. ఒకే సంగతి ఆరు చోట్ల! 22:27 అయితే నా గుండెలో గుచ్చుకుంది, "చెల్లించుటకు నీయొద్ద ఏమియు లేకపోగా" నీ కింద నుంచి నీ పరుపు తీసుకుపోవడం ఎందుకు అని అడుగుతుంది. ఇంత నేలబారు సంగతి, పరుపు దాకా. దేవుడు మన పరలోకం గురించే కాదు, మనం పడుకునే పరుపు గురించి కూడా పట్టించుకుని రాయించాడంటే నాకు ఏడుపొచ్చింది. ఆరో అధ్యాయంలో అయితే ఇరుక్కున్నవాడిని తిట్టి వదిలేయలేదు, బయటపడే దారి చెప్పింది. ఆలస్యం చేయకు, ఆ మనిషి దగ్గరికే పో, తగ్గించుకుని బతిమాలుకో, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది. "నీ కన్నులకు నిద్రయైనను నీ కనురెప్పలకు కునుకుపాటైనను రానియ్యకుము". నేను చేసింది దీనికి సరిగ్గా ఉల్టా. ఆయన కట్టడం ఆపేశాడని తెలిశాక కూడా నాలుగు నెలలు ఆయన్ని అడగలేదు, ప్రార్థనలో పెట్టాను అనుకుని నిద్రపోయాను. లేచి వెళ్లాల్సిన పనికి ప్రార్థనను అడ్డం పెట్టుకోకూడదని నాకు అప్పుడు తెలియలేదు.

మరి యేసుప్రభువు "నిన్ను అడుగువానికిమ్ము" అన్నాడు కదా అని మీరు అడగొచ్చు, నేనూ చాలా కొట్టుకున్నాను దీని గురించి. ఇవ్వమన్నాడు. నా దగ్గర ఉన్నది ఇవ్వడం వేరు, నా దగ్గర లేనిదానికి, రేపటి జీతానికి, పిల్లల ఫీజులకు సంతకం పెట్టడం వేరు. అయితే బైబిల్లో పూటపడినవాళ్లు కూడా ఉన్నారు. యూదా తన తండ్రితో తమ్ముడు బెన్యామీను గురించి "నేను అతనిగూర్చి పూటపడుదును" అన్నాడు, తీరా ఐగుప్తులో పిల్లవాడు చిక్కుకుంటే వాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అని ముందుకొచ్చాడు. పౌలు ఒనేసిము అనే దాసుడి కోసం అతని యజమాని ఫిలేమోనుకు రాస్తూ, వాడు నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, "నేనే దాని తీర్తును" అని సొంత చేత్తో రాశాడు. అందరికంటే మించి హెబ్రీ 7:22, యేసు "మరి శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపాయెను". అదే పూట! పూటకాపు అంటే ఏదో కాపలా అనుకుని ఇన్నేళ్లు చదివాను. షూరిటీ. నా బాకీకి ఆయన షూరిటీ ఉన్నాడు, నేను ఎగ్గొడతానని తెలిసి, మొత్తం తనే కట్టాలని తెలిసి ఉన్నాడు. హెడ్‌మాస్టర్ టేబుల్ మీదికి నోటీసు రాకపోతే ఆ మాట బరువు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

వాళ్లందరూ కట్టడానికి సిద్ధపడి నిలబడ్డారు. నేను ఎప్పటికీ కట్టాల్సిన అవసరం రాదనే నమ్మకంతో "సంతకమే కద" అని పెట్టాను. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నన్ను నేను ఒకే ప్రశ్న అడుగుతాను, ఈ మొత్తం రేపు నేనే కట్టాల్సొస్తే ఏడవకుండా కడతానా, నా ఇంటిదానికి అది ఇష్టమేనా. కాదంటే సంతకం లేదు. మొన్న మా మేనబావ కొడుకు లోన్ కోసం వచ్చాడు. "సంతకం పెట్టలేను బిడ్డా, ఈ ఐదు వేలు తీస్కో, మల్ల ఇయ్యకున్నా అడగ" అన్నాను. ముఖం ముడుచుకున్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు. బాధ అయింది, అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది. "రేపు ఇచ్చెదను పోయి రమ్మని" అనొద్దని సామెతలు 3:28లో ఉంది కదా, చేతిలో ఉన్నది అప్పటికప్పుడు ఇవ్వడం, లేనిది లేదని అప్పటికప్పుడు చెప్పడం, రెండూ నేర్చుకుంటున్నాను.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పకపోతే మిగతాదంతా రాయడం తప్పు. ఆ అన్న గురించి నేను ఆ ఇరవై నెలలు చాలామందితో మాట్లాడాను. ప్రార్థన చేయండి అంటూనే మాట్లాడాను. "నీ పొరుగువానితో నీవు వ్యాజ్యెమాడవచ్చును గాని పరునిగుట్టు బయటపెట్టకుము" అని సామెతలు 25:9లో ఉంది. ఆయన నాకు డబ్బు బాకీ, నేను ఆయనకు పరువు బాకీ. ఆయన మా సంఘానికి రావడం మానేసి పక్క ఊరి సంఘానికి పోవడం మొదలుపెట్టాడు. అందులో నా వంతు ఎంతుందో నాకు తెలుసు.

పోయిన క్రిస్మస్‌కి ముందు బండి వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. డబ్బు అడగడానికి వెళ్లలేదు. నీ గురించి అందరితో చెప్పుకున్నాను అన్నా, తప్పు చేశాను, క్షమించు అన్నాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, మంచం పట్టెను గోరుతో గీకుతూ కూర్చున్నాడు. ఆయన భార్య, మా అక్కయ్య, జొన్నరొట్టెలు, పుంటికూర పెట్టింది. ముగ్గురం తిన్నాం. నేను లేచేటప్పుడు లోపలికి వెళ్లి ఒక పాత బైబిల్ తెచ్చి అందులోంచి మూడు వేలు తీసి నా చేతిలో పెట్టి, "పల్లికాయ పైసలు. నీకే పక్కకు పెట్టిన, తేనీకి మొఖం చెల్లలే" అన్నాడు. ఇంకా లక్షా యాభై ఏడు వేలు ఉంది. అది వస్తుందో రాదో నేను లెక్కపెట్టుకోవట్లేదు. మొన్న ఆదివారం ఆయన మా సంఘానికి వచ్చాడు, వెనక వరసలో కూర్చున్నాడు, నేను లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.