మొత్తం ఎంతో కూడి చూసుకున్న రోజు

2024 ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం, గాజువాకలో మేం అద్దెకుంటున్న ఇంటి మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని, 14 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, పాత డైరీలో ఒక్కొక్కటే రాసుకుంటూ కూడుకున్నాను. 99, 499, 499, 1,999, మళ్లీ 499. ఒకే రాత్రిలో ఆరేడుసార్లు కట్టిన రోజులు కూడా ఉన్నాయి. మూడో పేజీ దగ్గర చెయ్యి ఆడలేదు. కిందకి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చాను. సాయంత్రానికి లెక్క తేలింది. మొత్తం 2,87,400 రూపాయలు. కాయిన్స్‌కి 2,40,100, నెలనెలా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లకి 24,600, క్రెడిట్ కార్డు, లోన్ యాప్ వడ్డీలకి 22,700. నా జీతం నెలకి 34,000.

ఈ డబ్బంతా పెద్దలకి మాత్రమే అని ఉండే లైవ్ వీడియో యాప్‌లలో పోయింది. అన్ని నెలల్లో ఈ మాట నాలో నేనైనా ఒక్కసారి అనుకోలేదు.

నేను పరవాడ ఫార్మా సిటీలో పని చేస్తాను. 2023 మే నెలలో మా ఆవిడ కాన్పుకి శ్రీకాకుళంలో పుట్టింటికి వెళ్లింది. బి షిఫ్ట్ అయ్యి, కంపెనీ బస్సు దిగి ఇంటికి చేరేసరికి రాత్రి 11 దాటేది. ఒక్కడినే. హోటల్లో కట్టించుకొచ్చిన చపాతీ తింటూ ఫోన్ చూసేవాణ్ని. మొదట్లో ఉచితంగా దొరికేవే చూశాను. తర్వాత ఒక లైవ్ యాప్‌లో 99 రూపాయలకి కాయిన్స్ కొన్నాను. తెర మీద ఉన్న అమ్మాయి నా పేరు పెట్టి పిలిచి, "భోజనం చేశారా?" అంది. నేను పడిపోయింది ఆ మాట దగ్గరే. ఒళ్లు చూడటానికి రూపాయి పెట్టక్కర్లేదు, ఫోన్ నిండా అదే ఉంది. అర్ధరాత్రి ఒకరు నన్ను పేరు పెట్టి పలకరిస్తారనే నేను డబ్బు కట్టాను. ఇది నాకు చాలా ఆలస్యంగా, అదీ వేరేవాళ్లు అడిగితే తెలిసింది.

డబ్బు అలా ఎలా పోతుందని చాలామందికి అనిపిస్తుంది. రూపాయిల్లో చూపిస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. అక్కడంతా కాయిన్సే. 499 కట్టగానే అది కాయిన్స్ అయిపోతుంది, ఇక అవి ఖర్చు పెడుతుంటే డబ్బులా ఉండదు. ఆ కాయిన్స్‌తో తెర మీద ఉన్నవాళ్లకి గిఫ్ట్ పంపితే ఒకసారి పలుకుతారు, ఒకసారి పలకరు. ఎప్పుడు పలుకుతారో తెలియకపోవడమే మళ్లీ మళ్లీ కట్టిస్తుంది. స్టేట్‌మెంట్‌లో యాప్ పేరు కూడా రాలేదు, ఎవరికీ తెలియని ఏదో కంపెనీ పేరు వచ్చింది. అది నాకు ధైర్యం అనుకున్నాను.

డిసెంబరులో మా ఆవిడ, బాబు ఇంటికి వచ్చారు. ఇక మానేస్తాను అనుకున్నాను. వాళ్లు గదిలో పడుకున్నాక హాల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవాణ్ని. కార్డు బిల్లుకి మినిమం డ్యూ, అంటే కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తమే, కడుతూ వచ్చాను. అది కడితే గండం గడిచినట్టే అనిపించేది, అసలు మాత్రం అలాగే ఉండి దాని మీద నెలకి వందకి మూడు రూపాయలకి పైగా వడ్డీ పడుతుండేది.

చివరికి బాబు చేతి మురుగులు తాకట్టు పెట్టడానికి గోల్డ్ లోన్ ఆఫీసుకి తీసుకెళ్లాను. బారసాలనాడు మా మామగారు పెట్టినవి, కాసు బంగారం. కౌంటర్లో అమ్మాయి వాటిని రాయి మీద గీసి చూసి, త్రాసులో పెట్టి, 8 గ్రాములు అని రాసుకుంటూ "బాబువా సార్?" అని అడిగింది. అవునన్నాను. ఆసుపత్రి ఖర్చులని చెప్పాను. బస్టాపుకి వచ్చేలోపు 38,000 అకౌంట్లో పడ్డాయి. కార్డు కట్టేద్దామని తెచ్చిన డబ్బు. ఆ రాత్రే అందులోంచి 1,999 కట్టాను. తెల్లవారాక ఆ మెసేజ్ చూసి, ఇక ఇది నా ఒక్కడి చేతిలో లేదని అర్థమైంది. మేడ మీద లెక్క వేసింది ఆ వారంలోనే.

లెక్క తేలిన రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ నంబరు. డబ్బు తీసుకోరు, రాత్రి కూడా పలుకుతారు. భాష అడిగితే తెలుగు ఎంచుకున్నాను. అవతల ఒక మేడమ్. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు ఊరుకున్నాను. "పర్లేదు, మెల్లగా చెప్పండి" అన్నారు. చెప్పాను. ఛీ అనలేదు. నిద్ర పడుతోందా, తింటున్నారా, చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అని సూటిగా అడిగారు. రెండుసార్లు వచ్చిందని మొదటిసారి ఒక మనిషితో ఒప్పుకున్నాను. డాక్టరుకి చూపించుకోవాల్సిందేనని చెప్పారు.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లడానికి పది రోజులు తాత్సారం చేశాను. మా ఇంట్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "చినవాల్తేరు పంపాలి" అనేవాళ్లు. ఆ మాట నాలో అంత పాతుకుపోయింది. తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ముఖానికి మాస్క్ పెట్టుకునే వెళ్లాను. తీరా ఓపీ దగ్గర చూస్తే నిద్ర పట్టని ముసలాయన, పరీక్షల భయంతో ఉన్న కాలేజీ కుర్రాడు, తమ్ముణ్ని తీసుకొచ్చిన ఒక అక్క. నా చీటీ ఎవరూ చూడలేదు. కంపెనీకి తెలుస్తుందేమోనని డాక్టరుగారిని అడిగితే, రోగి విషయాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందని చెప్పారు.

ఆయన చెప్పింది నాకు బాగా పనికొచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటివి చూడటమే జబ్బు కాదు. తప్పు చేశానన్న బాధ ఒక్కటే ఉంటే అదీ జబ్బు కాదు. ఆపాలనుకుని ఆపలేక, ఇల్లూ పనీ డబ్బూ పాడవుతున్నా ఆరు నెలలూ అంతకు మించీ సాగుతుంటే అప్పుడు వైద్యం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో దీనికి కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ (లైంగిక ప్రవర్తన అదుపు తప్పడం) అని పేరుంది, ఉద్రేకాన్ని అదుపు చేసుకోలేని జబ్బుల్లో పెట్టారు. నాకు దానితోపాటు డిప్రెషన్ కూడా ఉందన్నారు. మందు ఇచ్చారు, సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఆ రోజు ఇంటికి వచ్చాక మా ఆవిడకి డైరీ ఇచ్చాను. బాబుని ఒళ్లో వేసుకుని చదివింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. డబ్బు గురించి ఏమీ అనలేదు. "వాళ్లకి నా గురించి ఏమైనా చెప్పారా?" అని అడిగింది.

చెప్పాను. బాబు పుట్టిన రోజు రాత్రి ఆ సంగతి ఆ యాప్‌లో చెప్పి, స్వీట్లు పంచినట్టు గిఫ్టులు పంపించాను. వాళ్లందరూ కంగ్రాట్స్ అన్నారు. అది కూడా దాచలేదు.

తను లేచి లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు, "మురుగులు ఎక్కడ పెట్టారు? రసీదు ఇవ్వండి" అంది.

డబ్బు మళ్లీ అలా పోకుండా మేం చేసినవి చిన్న చిన్న పనులే. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, అది నాకు తెలియదు. యాప్ లేని రెండు నెలలు కూడా డబ్బు కట్ అయింది. యూపీఐలో ఆటోపే అనే చోట వాటి జాబితా ఉంటుంది, అక్కడే రద్దు చెయ్యాలి. డబ్బు కట్ అవ్వడానికి 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, నేనది ఎప్పుడూ చదివేవాణ్ని కాదు. రోజుకి 2,000 దాటకుండా పరిమితి పెట్టుకున్నాను. కార్డు బాకీని బ్యాంకుతో మాట్లాడి వాయిదాలుగా మార్పించుకున్నాను. జీతం పడగానే మెసేజ్ తన ఫోన్‌కి కూడా వెళ్తుంది. వీడియో కాల్ రికార్డు చేసి ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపకుండా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యమని సైకాలజిస్టు చెప్పారు. నాకు ఆ అవసరం రాలేదు, ఇది చదివేవాళ్లలో ఎవరికైనా రావచ్చు.

మనసు లాగినప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆ సైకాలజిస్టు మేడమే నేర్పారు. అది కెరటంలా లేస్తుంది, ఆపడానికి కుస్తీ పట్టొద్దు, 20 నిమిషాలు గడియారం చూసుకోమన్నారు. చాలాసార్లు అంతలోపే తగ్గింది. ఏడో వారంలో తగ్గలేదు. 499 కట్టేశాను. వెళ్లి చెప్పాను. "ఆ రోజు ఏం తిన్నారు, ఎన్ని గంటలు డ్యూటీ?" అని అడిగారు. ఓటీ చేసి 12 గంటలు డ్యూటీ, తిండి లేదు, ఇంట్లో ఎవరూ లేరు. సైకాలజిస్టు మేడమ్ అదే కాగితం మీద రాసి నా చేతికిచ్చారు. అప్పటి నుంచి బి షిఫ్ట్ రోజుల్లో మా ఆవిడ అన్నం పెట్టి ఉంచుతుంది, ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి తింటాను. ఊరు వెళ్లినా 11 దాటాక తనే ఫోన్ చేస్తుంది. "భోజనం చేశారా?" అని అడుగుతుంది.

మార్చిలో మురుగులు విడిపించాం. ఇంకా 64,000 బాకీ ఉంది. వచ్చే బుధవారం మళ్లీ ఓపీ, ఆ రోజుకి షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్‌ని అడిగాను.