885 అడుగుల కింద మామ ఊరు

శ్రీశైలం డ్యామ్ నిండితే నీటిమట్టం 885 అడుగులు. మా వైపు వాళ్లకి ఇది వర్షాకాలంలో రోజూ వార్తల్లో వినబడే అంకె. ఒక సాయంత్రం పాత సర్వే మ్యాపు ముందేసుకుని, ఆ అంకె వెంబడి నీలం పెన్సిల్ నడిపి చూశాను. ఆ షీటులో నేల ఎత్తు చూపించే గోధుమరంగు గీత 50 అడుగులకొకటి ఉంటుంది. 850 గీతకీ 900 గీతకీ మధ్య, 900 వైపు కాస్త జరిపి గీసుకుంటూ పోతుంటే ఒక్కో ఊరూ నీలంలోకి వెళ్లిపోయింది. గుడి గుర్తులు, బావుల చుక్కలు, బండి దారులు అన్నీ అందులోకే. మా అమ్మ పుట్టిన ఊరు 850 గీతకి కొంచెం దిగువన ఉంది. అంటే నీళ్లు బాగా దిగిన వేసవిలో ఆ నేల బయటపడుతుంది.

మే నెలలో మా మేనమామను బండెక్కించుకుని బయల్దేరాను. 1981లో ఊరు ఖాళీ చేసినప్పుడు ఆయనకి పద్నాలుగేళ్లు.

పాత షీట్లు మైలుకి అంగుళం స్కేలువి. కొల్లాపూర్ వైపంతా 56 ఎల్ నంబరు షీట్లలోకి వస్తుంది, ఆత్మకూరు వైపు 57 ఐలోకి. 16 డిగ్రీల అక్షాంశం ఈ రెండింటినీ విడదీస్తుంది కాబట్టి ఇక్కడ తిరగాలంటే రెండు వరసలూ కావాలి. ఇవి దొరకనివాళ్లకి అమెరికా సైన్యం 1950లలో అచ్చేసిన యూ 502 అనే మ్యాపుల సిరీస్ ఉంది. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. దాని స్కేలు రెండున్నర లక్షలకి ఒకటి. ఊరి పేరు దొరుకుతుంది కానీ ఊళ్లో బావి దొరకదు.

మ్యాపుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి నేటి భూమి మీద కూర్చోబెట్టడం అసలు పని. మామూలుగా పాత రోడ్ల కూడలి, పాత వంతెన చూసి కలుపుతాం. ఇక్కడ ఊళ్లు మారాయి, రోడ్లు మారాయి, నది ఒడ్డు కూడా మారింది. మిగిలినవి కొండలే. కొండ కొమ్ముల మీద సర్వే వాళ్లు వేసిన త్రికోణం గుర్తులే నాకు ఆధారం. మొదటిసారి అంతా దాదాపు రెండొందల మీటర్లు పక్కకి జరిగింది. పాత షీట్లు భూమి ఆకారానికి వేసిన ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి, ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క మీద నడుస్తుంది. అది సరిచేశాక కుదిరింది. అయినా కాగితం మీద అరమిల్లీమీటరు తప్పితే నేల మీద ముప్పై మీటర్లు తప్పినట్టే. వీధి దొరుకుతుంది, ఇల్లు దొరకదు. ఇల్లు చూపించడానికి మామ ఉన్నాడు.

ఆత్మకూరు దాటి కొత్తపల్లి మండలంలోకి వెళ్లాం. బండి ఒడ్డున పెట్టి దిగాక రెండు కిలోమీటర్లు నడక. పైన పైన ఎండి, అరచేయంత పగుళ్లిచ్చిన ఒండ్రు. పగుల్లో వేళ్లు పెడితే లోపల ఇంకా తడి. నీళ్లు వెనక్కి పోయిన కొద్దీ ఆ తేమ మీదే జనం పంట వేసుకుంటారు. ఫోన్‌లో నా నీలం చుక్క, 'బండి దారి' అని చూపించే రెండు చుక్కల గీతల మధ్య కదులుతోంది. నేల మీద దారి ఆనవాలే లేదు. మామ మాత్రం ఫోన్ వంక చూడకుండానే ఆ దారిలోనే నడుస్తున్నాడు.

చుక్క ఊరి మధ్యకి చేరగానే ఆగాను.

"ఈడ కాదు అల్లుడా, ఇంకా కిందికి పోవాల."

ముప్పై అడుగులు నడిచి, మిద్దెగోడ అడుగురాళ్లు రెండు వరసలు చూపించాడు. దూలాలు, వాకిళ్లు పీక్కొని బండ్లమీద తీసుకుపోయారట, రాళ్లొక్కటే వదిలేశారు. మూలన సగం పూడిపోయిన రాతి తొట్టి ఉంది. మామ కూర్చొని చేత్తో మన్ను తీశాడు. తొట్టి అంచున ఒకచోట నున్నగా అరిగి ఉంది. పశువులు మెడ ఆనించి ఆనించి అరిగిన చోటది. దాని మీద చేయి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు.

డ్యామ్ కింద దాదాపు వంద ఊళ్లు పోయాయి. నిర్వాసితులకి ఉద్యోగాలిస్తామన్న 98 జీవో 1986లో వచ్చింది. ఆ జీవో పేరు చెబితే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు కాగితాల సంచి తెస్తారు. కాగితాల్లో ఎకరాలున్నాయి, పరిహారం ఉంది. చేలకి పేర్లు లేవు. మ్యాపులోనూ లేవు. నాకు బాధనిపించింది ఇక్కడే. ఆ పేర్లు తెలిసినవాళ్లందరికీ ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది, లేదా దాటింది.

ప్రింటు నేల మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. మామ చెబుతుంటే పెన్నుతో రాశాను. చింతమాను చేను, బోడిగట్టు, పుట్టి రేవు. షీటు మీద కృష్ణ నడిమధ్య గీతా చుక్కలతో పోయే హద్దు ఒకటుంది. దాన్ని చూపిస్తే, "మా నాయన కాలంలో అవతల నైజాం, ఇవతల ఇంగ్లీషోళ్లది. పుట్టిలో కూర్చుంటే రాజ్యం దాటినట్టే," అన్నాడు. 1956 నవంబరు 1న చెరిగిన ఆ గీత 2014 జూన్ 2న మళ్లీ అదే నది మీదికి వచ్చింది. మామ తోబుట్టువుల్లో ఇద్దరు ఇప్పుడు అవతలి రాష్ట్రం.

తిరిగొస్తూ సంగమేశ్వరం చూశాం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండే గుడి, లోపల వేపమొద్దు శివలింగం. జనం బాగా ఉన్నారు, దర్శనం చేసుకుని వచ్చేశాం. ఎగువన కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి గుడిని మాత్రం రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. పాత షీటులో దాని పాత చోటు ఉంది.

ఎగువన జూరాల డ్యామ్ గేట్లెత్తారని వార్త వచ్చిన రోజు మామ ఫోన్ చేశాడు.

"ఆ పేర్లన్నీ ఎక్కించినావా అల్లుడా?"

ఎక్కించాను. రెండు పేర్లు మిగిలాయి. అవి ఏ చేలవో ఆయనకే సరిగ్గా గుర్తు రావడం లేదు. కొల్లాపూర్‌లో ఉన్న పెద్దక్కను అడిగి చెబుతానన్నాడు.