మన బెల్లం స్తంభాలు

మన బడి ఉత్సవాల సంచికకు రెండు పేజీలు రాసిమ్మని కమిటీ తరఫున మన క్లాసువాడు, అదే మనం పొట్టేలు అని పిలిచేవాడు, ఫోను చేశాడు. "ఇంజనీరువి కదా, బడి కట్టడం చరిత్ర నువ్వే రాయి" అన్నాడు. ఏ దొర శంకుస్థాపన చేశాడో హెడ్మాస్టరు గది బయటి రాతిపలక మీద ఉండనే ఉంది. నాకు తెలిసిన చరిత్రంతా డ్రాయింగు మాస్టారు చెప్పినదే.

ఎనిమిదో తరగతిలో మన బడి స్తంభం గీయమంటే అందరం రెండు నిలువు గీతలు గీసి ఇచ్చాం. ఆయన తిట్టలేదు. నిచ్చెన తెప్పించి, పంచె ఎగగట్టి ఎక్కారు. పొట్టేలూ నేనూ నిచ్చెన పట్టుకున్నాం. అడుగున ఒకసారి, మూడో వంతు ఎత్తులో ఒకసారి, తలకట్టు కింద ఒకసారి పురికొస చుట్టి ముడి వేశారు. మొదటి రెండు కొలతలూ ఒకటే. పైది మాత్రం ఇంచుమించు ఆరో వంతు తక్కువ! ఒకే లావున కడితే నడుమ సన్నబడినట్టు కంటికి తోస్తుందట. స్తంభం ఎత్తు దాని అడుగు భాగపు వ్యాసానికి ఏడు రెట్లు, అది టస్కన్ అనే పాత రోమను స్తంభాల పద్ధతి. "ఈ లెక్క రోము నుంచి చిత్తూరు దాకా వచ్చింది, మీ నోటు పుస్తకాల దాకా రాలేకపోయింది" అన్నారు.

అవి రాతి స్తంభాలు కావనీ ఆ రోజే తెలిసింది. లోపల ఇటుక, పైన డంగు సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం. ఆ రోజుల్లో సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారని, నునుపుకు కోడిగుడ్డు తెల్లసొన వాడేవారని చెప్పి ఊరుకోక, "బెల్లం మన మండీదే అయి ఉంటుంది" అన్నారు. మర్నాడు ప్రార్థన వేళ ఎడమ నుంచి మూడో స్తంభాన్ని నాకిన ఘనుడు ఎవరో మీకు తెలుసు. ప్రస్తుతం కమిటీ కోశాధికారి కాబట్టి పేరు రాయను.

చరిత్ర అన్నాక ఒక దిద్దుబాటు కూడా. రాధాకృష్ణన్ గారు 1896 నుంచి 1900 వరకు చదివింది తిరుపతి లూథరన్ మిషన్ బడిలో. మన బడిలోనే చదివారని వేలూరు జట్టుతో వాదించి గెలిచినవాళ్లం మనం!

తొమ్మిది, పది తరగతులు కామెర్లతోనూ పరీక్షలతోనూ గడిచిపోయాయి.

తరువాత నేను సంతకం చేసిన వంతెనల మీద మీలో చాలామంది రోజూ వెళుతూనే ఉన్నారు. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మా అమ్మాయి ఆర్కిటెక్టు. ఎక్కడ స్తంభం కనిపించినా మూడో వంతు ఎత్తు దగ్గర ఆగి చూస్తుంది.

ఇక అసలు సంగతి. ఉత్సవాలకు స్తంభాలన్నిటికీ సిమెంటు పూసి రంగు వేయిస్తారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. గోడలో ఉప్పు తేలుతుంది, ఇటుక పొడి అవుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. నమ్మకం లేకపోతే కుడి చివరి స్తంభానికి ఎప్పుడో వేసిన సిమెంటు అతుకును వేలితో నొక్కి చూడండి. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, నేను మాట్లాడతాను. నా చందాను రంగుల పద్దులో కాకుండా సున్నం పద్దులో రాయమని కోశాధికారి గారికి మనవి. బెల్లం ఖర్చు ఆయనే భరించాలి.