పనస నీడలో పదకొండు కుండీలు

పర్లాకిమిడి, ఆదివారం. రాత్రంతా ఒకటే వాన.

పొద్దున్నే పెరటి తలుపు తీసేసరికి పదకొండు కుండీల్లో నాలుగు మొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి. ఇంపేషన్స్ అని, నీడలో పూసే పూల మొక్కలు. నిన్న సాయంత్రం దాకా నిక్షేపంగా ఉన్నవే. కాఫీ సంగతి కూడా మర్చిపోయి మగ్గుతో నీళ్లు పట్టుకెళ్లాను. రెండు కుండీల్లో పోసేశాక పనమ్మాయి వచ్చి చూసి పకపకా నవ్వింది.

"ఏటమ్మా, రాత్రంతా వానే కదా, మల్లీ నీలు పోస్తన్నారేటి? అది దాహం కాదు, ములిగిపోతంది."

మట్టిలో వేలు గుచ్చితే బురద. కుండీ ఎత్తి చూద్దును కదా, పనసాకు ఒకటి అతుక్కుని అడుగున కన్నం మూసుకుపోయింది. కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తుగా ఉంచమని ఆ పిల్లే ఎప్పుడో చెప్పింది. నేనే వినలేదు.

ఈ మొక్కతో వచ్చిన చిక్కే ఇది. దాహమేసినా తల వాలుస్తుంది, వేరు కుళ్లుతున్నా తల వాలుస్తుంది. దాహమే అయితే నీళ్లు పోసిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. ఎండ మండే మధ్యాహ్నం పూట మట్టి తడిగా ఉన్నా కాస్త వాలి, చల్లబడ్డాక తనంతట తనే తేరుకుంటుంది. అదంతా వేషం. కాండం మొదట్లో మెత్తబడి నల్లగా అయిందంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. ఇవాళ ఒకటి అలాగే పోయింది, గులాబీ రంగుది. మిగతా మూడింటినీ అరుగు మీదికి చేర్చాను. బతుకుతాయనే అనుకుంటున్నాను.

ఒక మొక్క పోయినందుకు ఇంత టెన్షన్ ఎందుకంటే, అసలు సంగతి పనస చెట్టుది. మామగారు వేసిన చెట్టు. "దాని కింద గడ్డి కూడా మొలవదు, కొట్టించేసి కారు షెడ్ వేద్దాం" అని ఈయన రెండేళ్లుగా ఒకటే పాట. కాయలు కాస్తోంది కదండీ అంటే, కాయలు బజార్లో దొరుకుతాయంటారు. నిరుడు వేసవిలో కోపమొచ్చి, "అక్కడ పూలు పూయిస్తే చెట్టు జోలికి రారు కదా?" అని అడిగేశాను. "పూయించు చూద్దాం" అన్నారు.

బంతి వేశాను. వెలుతురు కోసం వెదురులా సాగి, ఒక్క మొగ్గ వేయకుండా పడిపోయింది. మందారం ఆకులతోనే సరిపెట్టింది. చలికాలంలో పాతపట్నం నీలమణి దుర్గ దర్శనానికి వెళ్లినప్పుడు రోడ్డు పక్కన కడియం మొక్కల వ్యాను కనబడింది. నీడలో పూసేది ఏదైనా ఉందా అంటే వీటిని చూపించాడు. తూర్పు ఆఫ్రికా మొక్కలట, అక్కడ పెద్ద చెట్ల నీడన, తేమ నేలలో పెరుగుతాయి. మన పెరటి మూల వాటికి పుట్టిల్లు లాంటిదన్నమాట. పొద్దుటి పూట లేత ఎండ కాస్త తగిలితే చాలు.

మొదట నేలలోనే పాతాను, బుద్ధి తక్కువై. పనస వేళ్లు ఉన్న తడంతా లాగేసుకుంటే వీటికేం మిగులుతుంది? నెల తిరక్కుండా తవ్వి కుండీల్లోకి మార్చాను. మట్టి, మాగిన పెంట, కొబ్బరి పొట్టు, అంతే. మధ్యలో ఆత్రం పట్టలేక యూరియా చిటికెడు చిటికెడు వేస్తే ఆకులు అరచేతులంత అయ్యాయి, పూలు మాత్రం మాయం. ఎండాకాలంలో ఈ ఊరి వేడికి పూత ఆపేసి బిక్కచచ్చిపోయాయి. వానలు పడ్డాక చివర్లు తుంచితే పక్క కొమ్మలేసి గుబురుగా వచ్చాయి. ఎరుపు, తెలుపు, నారింజ. చీకటి మూలలో ఎవరో రంగు జాకెట్టు గుడ్డలు ఆరేసినట్టు ఉంటుంది.

పదింటికి పక్కింటి ఒడియా మావుసీ గోడ మీంచి తొంగి చూసి, "ఇది మా హరగౌరాకి చెల్లెలు" అంది. నిజమే. మనం కాశీతుమ్మ అనేదాన్నే వాళ్లు హరగౌరా అంటారు. రెండూ ఒకే జాతి. కాకపోతే కాశీతుమ్మ మన దేశపుదే, ఇంకాస్త ఎండనీ ఓర్చుకుంటుంది, పూలు కాండానికి అంటిపెట్టుకుని పూస్తాయి. మావుసీ వాకిట్లో ఎవరూ నాటకుండానే ఏటేటా వానలకి మొలుస్తుంది. పండిన కాయ ముట్టుకుంటే చాలు, టప్పున పేలి గింజలు చిమ్ముతుంది. ఓపిక లేదని అర్థం వచ్చే లాటిన్ పేరు ఇంపేషన్స్ అందుకే పెట్టారట. మావుసీ మనవడు ఒక్కొక్క కాయా నొక్కి పేలుస్తూ గంటసేపు అక్కడే ఉన్నాడు. రెండు గింజలు నా కంట్లో కొట్టాడు, వెధవ.

పోయిన మొక్కకి పైకొమ్మలు మూడు ఇంకా గట్టిగానే ఉన్నాయి. జానెడు లోపు ముక్కలు కోసి, కింది ఆకులు గిల్లేసి, హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి గుచ్చాను. ఇంతకు ముందోసారి ఇలాగే సీసాలో గుచ్చి వంటగట్టు మీద పెట్టినప్పుడు రెండు వారాల్లోపే తెల్లటి వేళ్లు వచ్చాయి. గింజలతో నాకు కుదరలేదు. నలకల్లా ఉంటాయి, మొలవాలంటే వెలుతురు తగలాలి. నేనేమో ధనియాలు చల్లినట్టు చల్లి పైన మట్టి కప్పేశాను.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక ఈయన కొలత టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. చెట్టు మొదలు నుంచి గోడ దాకా కొలిచారు. తర్వాత అటు గేటు పక్కనా కొలిచారు. అడ్డమొచ్చిన కుండీలు జరిపి, పని అయ్యాక ఒక్కొక్కటే మోసుకొచ్చి మళ్లీ చెట్టు కిందే పెట్టారు. ఎరుపూ తెలుపూ తారుమారు చేశారు. నేనేమీ అనలేదు.